టికెట్ కావాలంటే ముందు పెళ్ళి చేసుకోమంటున్నారు అక్కా

ఈసారి ఉత్తరాలు తెరిస్తే మూడు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. ఊళ్ళు వేరు, ముగ్గురికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదు, అయినా పక్కపక్కన పెట్టి చదివితే ఒకరు అడిగినదానికి ఇంకొకరు జవాబు చెప్తున్నట్టే ఉంది. అందుకే పొలం గట్టు తగాదాలు, ఆగిపోయిన పింఛన్లు వచ్చే సంచికకి వాయిదా వేసినా, ఆ ఉత్తరాలు రాసినోళ్ళు కోప్పడొద్దు.

ప్రశ్న: అక్కా నమస్తే. పేరు వద్దు, ఊరు అనంతపురం అని మాత్రం వేయండి, డివిజన్ కూడా వద్దు. నాకు 34. పదకొండేళ్ళుగా ఒకే పార్టీ, జెండా కర్ర మోసే కాడి నుంచి బూత్ కమిటీలు నా చేతి మీద నడిచేదాకా వచ్చినా. మాది సంప్రదాయం, కుటుంబం, మన సంస్కృతి అని మాట్లాడే పార్టీ. ఆ మాటలంటే నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు చెప్పాల. మా డివిజన్లో రేషన్ కార్డు పని పడినా, పెన్షన్ ఆగినా, కాలువ పూడినా నాకే ఫోన్ చేస్తారు. ఈసారి కార్పొరేటర్ టికెట్ నాదే అనుకుంటాండారు అందరూ, ఫోన్ సర్వేలో నా పేరే ముందుందని మా ఇన్‌ఛార్జే చెప్పినాడు. అదే ఇన్‌ఛార్జి పోయిన నెల గెస్ట్‌హౌస్‌కి పిలిపించి తలుపేసి, "ఏమప్పా, నీ గురించి ఏందేందో అంటాండారు, నాకైతే ఏం లేదు, నువ్వు నా కొడుకు లాంటోడివి, కానీ జనం ఒప్పుకోరు కదా, శ్రావణంలో పెళ్ళి చేసుకో, బీ ఫారం నేనే ఇంటికి తెచ్చిస్తా" అన్నాడు. వాళ్ళు అంటున్నది నిజమే అక్కా. నేను గే. ఈ ముక్క ఇంతవరకు కాగితం మీద కూడా ఎప్పుడూ రాయలేదు. ఒక పాత చాట్ స్క్రీన్‌షాట్ మా పార్టీలోనే టికెట్ ఆశిస్తున్న ఇంకొకడి ఫోన్లో ఉందని తెలిసింది. మా అమ్మ ధర్మవరం సంబంధం చూసింది, పాప నర్సింగ్ చదివింది, మంచోళ్ళు. నేను ఊ అంటే అన్నీ సర్దుకుంటాయని అందరూ అంటారు. ఏం చేయాల?

జవాబు: తమ్ముడూ, ముందు ధర్మవరం పాప సంగతి తేలుద్దాం, టికెట్ తర్వాత. ఆ పెళ్ళి చేసుకోవద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఎందుకంటే నేను కోర్టులో నల్లకోటు వేసుకుని తిరిగిన రోజుల్లో ఇలాంటి కేసు ఒకటి నా టేబుల్ మీదకి వచ్చింది. ఆ అమ్మాయి నాలుగేళ్ళు కాపురం చేసింది, ఆ నాలుగేళ్ళూ తనలోనే ఏదో లోపం ఉందనుకుని గుళ్ళకి తిరిగింది, డాక్టర్ల దగ్గరికి తిరిగింది, సన్నబడింది, లావైంది, చీరలు మార్చింది. మొగుడు చెడ్డోడు కాదు, చేయి చేసుకున్నోడు కాదు, రాత్రయితే మిద్దె మీద పడుకునేవాడు అంతే. నిజం తెలిసిన రోజు ఆ పిల్ల ఏడవలేదు, నాతో ఒకటే అడిగింది, "మేడమ్, మా పెళ్ళిచూపుల రోజు నాకు ఒక్క ముక్క చెప్పుంటే ఏం పోయేది వాళ్ళకి" అని. ఆమెకి నేనేం జవాబు చెప్పాలి? విడాకులు ఇప్పించినా, నాలుగేళ్ళు ఇప్పించలేకపోయినా. మీ ఇన్‌ఛార్జి బీ ఫారం ఇంటికి తెచ్చిస్తా అంటున్నాడే, దాని ఖరీదు కట్టేది ఆయన కాదు, నువ్వు కూడా సగమే కడతావు, మిగతాదంతా ధర్మవరంలో నర్సింగ్ చదువుకున్న ఆ పాప కట్టాలి, ఆమె ఓటు కూడా మీ డివిజన్లో లేదు!

ఇంక ఆ "జనం ఒప్పుకోరు" సంగతి. ఈ మాట నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నా. ఆడవాళ్ళని జనరల్ సీట్లో పెడితే జనం ఒప్పుకోరు, ఫలానా కులం వాడిని పెడితే జనం ఒప్పుకోరు, చదువుకున్నోడిని పెడితే పల్లెల్లో ఒప్పుకోరు. అనేవాళ్ళంతా "నాకైతే ఏం లేదు" అనే మొదలుపెడతారు చూడు. జనాన్ని అడిగింది ఎవరు? నీ ఉత్తరంలోనే ఉంది కదా, అడిగిన ఒక్క సర్వేలో జనం నీ పేరే చెప్పినారు. ఒప్పుకోనిది గెస్ట్‌హౌస్‌లో కూర్చున్న నలుగురు, ఆ నలుగురూ తమ మాటని జనం నోట్లో పెడుతున్నారు.

ఇది మన సీమలో పుట్టిన విద్య కూడా కాదు. ఇంగ్లండులో కన్జర్వేటివ్ పార్టీ ఉంది కదా, పేరులోనే సంప్రదాయం పెట్టుకున్న పార్టీ. 1988లో థాచరమ్మ ప్రభుత్వం సెక్షన్ 28 అని ఒకటి తెచ్చింది, స్థానిక సంస్థలు, వాటి కింది బడులు ఈ సంబంధాలు కూడా మామూలే అన్నట్టు ప్రోత్సహించకూడదని. ఆ పార్టీలో ఎంపీగా ఉంటూ తనంతట తానే నేను గే అని చెప్పిన మొదటివాడు అలాన్ డంకన్, అదీ 2002లో. అంటే అంతకుముందు ఆ పార్టీలో గేలు లేరని కాదు కదా, ఉన్నారు, నోరు మూసుకుని ఉన్నారు. అక్కడ అభ్యర్థిని ఎంపిక చేయడంలో లోకల్ కమిటీ వాళ్ళ మాటే పెద్దది, పక్కన భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఫోటో అంటే వాళ్ళకి మహా ముద్దు. సరే, 2005లో నిక్ హెర్బర్ట్ అనే ఆయన, తాను గే అని దాచకుండానే, వాళ్ళకి కంచుకోట లాంటి ఒక పల్లెటూరి నియోజకవర్గంలో నిలబడ్డాడు, గెలిచాడు. ఆకాశం ఊడి పడలేదు. అయినా అంతటితో పార్టీ మారిపోయిందని కూడా చెప్పను, 2013 ఫిబ్రవరిలో గే పెళ్ళిళ్ళ బిల్లుని వాళ్ళ ప్రధాని కామెరూనే ముందుండి తెస్తే 400కి 175తో ముందుకి పోయింది గానీ, ఆ రోజు ఆయన సొంత పార్టీ ఎంపీల్లో సరే అని ఓటేసినోళ్ళ కంటే వద్దని వేసినోళ్ళే ఎక్కువ.

మనదేశం సంగతి చెప్పమంటావా? శబ్నమ్ మౌసి 2003కి ముందున్న మధ్యప్రదేశ్ అసెంబ్లీలో ఎమ్మెల్యే. మధు కిన్నర్ 2015 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ మేయరు, నాలుగు వేల పైచిలుకు ఓట్ల మెజారిటీతో. వాళ్ళిద్దరూ హిజ్రాలు, నువ్వు గే, రెండూ ఒకటి కాదు, కలిపి కుట్టొద్దు, నాకు తెలుసు. కానీ ఒకటి గమనించు. ఇద్దరూ ఇండిపెండెంట్లే. ఏ పార్టీ గుర్తూ లేకుండా, వెనక ఏ పెద్ద నాయకుడూ లేకుండా, జనం ఓట్లేసి గెలిపించారు. మరి ఒప్పుకోనిది ఎవరంట?

ఇప్పుడు ఆ స్క్రీన్‌షాట్. నీ భయమంతా దాని మీదే ఉంది, నీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర చేతిరాత కూడా మారిపోయింది.

చట్టం వైపు నుంచి నీకు భయం లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ఇష్టపడిన ఇద్దరు పెద్దోళ్ళ మధ్య జరిగేదానికి, ఇలాంటి సంబంధాల్ని నేరం చేసిన పాత శిక్షాస్మృతి సెక్షన్ 377 వర్తించదని తేల్చేసింది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఒకరి లైంగికత వాళ్ళ సొంత విషయమని, ప్రైవసీలో భాగమని 2017లో పుట్టస్వామి కేసులోనే చెప్పింది. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్లో కేసులు అడుగుతారు, ఆస్తులు అప్పులు అడుగుతారు, చదువు అడుగుతారు, నువ్వు ఎవరిని ఇష్టపడతావో అడిగే గడి లేదు. కాబట్టి నువ్వు చెప్పకపోతే మోసం చేసినట్టు కాదు, పెళ్ళికాలేదు అని రాస్తే అది నిజమే. ఆ స్క్రీన్‌షాట్ చూపించి ఎవడైనా "డబ్బియ్యి" అన్నాడంటే అది బెదిరించి గుంజడం, న్యాయ సంహిత 308 కింద నేరం, ఆ మెసేజ్ డిలీట్ చేయకుండా దాచు, కోపంలో తిరిగి బూతులు పెట్టొద్దు.

కానీ ఒక హెచ్చరిక. ఎవడైనా బయటపెడితే, అబద్ధం అని పరువునష్టం కేసు వేద్దామని నీ చుట్టూ ఉన్నోళ్ళు ఎగదోస్తారు. పోవద్దు. 1895లో ఆస్కార్ వైల్డ్ అనే పెద్ద రచయిత సరిగ్గా ఇదే పని చేశాడు, తనని ఆ మాట అన్న జమీందారు మీద తనే కేసు వేశాడు, కోర్టులో నిజం బయటపడి కేసు తిరగబడింది, చివరికి ఆయనే రెండేళ్ళు కఠిన జైలు అనుభవించాడు. ఇప్పుడు జైలు లేదు గానీ, బోనెక్కి "నేను అలాంటోడిని కాదు" అని ప్రమాణం చేసి చెప్పాల్సిన పరిస్థితి నీ అంతట నువ్వు తెచ్చుకోవద్దు.

స్క్రీన్‌షాట్ విలువ ఎంతసేపూ అది రహస్యంగా ఉన్నంతసేపే. అమెరికాలో జిమ్ కోల్బీ అని రిపబ్లికన్ పార్టీ ఎంపీ ఒకాయన, ఆరిజోనా. 1996లో ఒక పత్రిక ఆయన సంగతి బయటపెట్టబోతోందని తెలిసి, వాళ్ళకంటే ముందు ఆయనే చెప్పేశాడు. ఆ ఏడాది గెలిచాడు, ఆ తర్వాత ఇంకో నాలుగు సార్లు కూడా గెలిచాడు. పార్టీలో మర్యాద దొరికిందా అంటే, 2000లో పార్టీ మహాసభలో ఆయన వ్యాపారం గురించి మాట్లాడుతుంటే టెక్సాస్ నుంచి వచ్చిన ప్రతినిధుల్లో కొందరు టోపీలు తీసి, తలొంచుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నారు. వ్యాపారం గురించప్పా! రెండూ చెప్తున్నా నీకు, ఓట్లు పడ్డాయి, అవమానమూ జరిగింది.

నువ్వు ఫ్లెక్సీ కట్టి చెప్పమని నేను అనడం లేదు, అనంతపురం ఆరిజోనా కాదు. క్లాక్ టవర్ కాడ టీ తాగుతూ నలుగురు ఏం మాట్లాడుకుంటారో నాకూ తెలుసు. కానీ ఇంట్లో ఒక్కరికైనా, పార్టీలో నువ్వు నమ్మిన ఒక్కరికైనా నీ నోటితో తెలిసి ఉండాలి, ఎవడో ఫోన్ ముందుకి తోసినప్పుడు "నాకు తెలుసులే" అనేవాళ్ళు ఇద్దరు ఉండాలి. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పలేను, మీ అమ్మ నీకు తెలిసినంత నాకు తెలీదు. చెప్తే మాత్రం ఎలక్షన్ హడావుడిలో చెప్పొద్దు, టికెట్ గొడవా ఇదీ ఒకటే అనుకుంటుంది. ధర్మవరం సంబంధం వద్దని మాత్రం ఈ వారమే చెప్పు, అటు వాళ్ళు ఫంక్షన్ హాలు మాట్లాడుకోకముందే.

ఇన్‌ఛార్జి దగ్గరికి పోయి, "సర్వేలో నా పేరు ముందుందని మీరే చెప్పినారు, నాకు టికెట్ ఇవ్వకపోతే ఏ కారణం చేత అని పది మందిలో చెప్పండి" అని అడుగు. పది మందిలో చెప్పలేడు. అది చూస్తే నీకు కొంచెం ధైర్యం వస్తుంది. ఇవ్వలేదనుకో, పదకొండేళ్ళు చెమటోడ్చిన పార్టీని వదలమని నేను చెప్పను, నాకు ఆ పార్టీ నచ్చదు, అది నా గోల. ఇండిపెండెంటుగా వేస్తావా, మన సీమలో అది కొత్తదేం కాదు, రెబెల్‌గా గెలిచి నెల తిరక్కుండా అదే కండువా మళ్ళీ కప్పించుకున్నోళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టలేం. అప్పుడు ఇదే ఇన్‌ఛార్జి శాలువా పట్టుకుని వస్తాడు.

ప్రశ్న: మేడమ్, నేను కడప. ముప్పై ఏళ్ళుగా పార్టీలో ఉన్నా, టికెట్ల కమిటీలో నా మాట కొంచెం నడుస్తుంది. ఈ మధ్య ఒక కుర్రోడి విషయంలో ఇలాంటి చర్చే వచ్చింది, వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నా. మేము ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు, పార్టీలో పని చేసుకోనిచ్చాం. కానీ పార్టీ అన్నాక ఒక సిద్ధాంతం ఉంటుంది, కుటుంబ వ్యవస్థ మీద నమ్మకం ఉన్న పార్టీ దానికి తగ్గ అభ్యర్థినే పెట్టుకుంటుంది. దీన్ని వివక్ష అంటే ఎలా?

జవాబు: అన్నా, మర్యాదగా రాసినారు, నేనూ మర్యాదగానే చెప్తా. సిద్ధాంతానికి తగ్గ అభ్యర్థిని పెట్టుకునే హక్కు మీ పార్టీకి ఉంది, నేను కాదనను. గే పెళ్ళిళ్ళకి చట్టం కావాలనేవాడికి మేం టికెట్ ఇవ్వం అంటే అది సిద్ధాంతం, అతను ఏం మాట్లాడుతున్నాడో దాన్ని బట్టి తీసుకున్న నిర్ణయం. ఈ కుర్రోడు అలా ఏమన్నా మాట్లాడినాడా? మీ జెండా మోసినాడు, మీ మాటలే మాట్లాడినాడు, మీరు వద్దన్నది ఆయన మాటని కాదు, మనిషిని.

ఇంకొకటి, సిద్ధాంతం అయితే అందరికీ ఒకే కొలత ఉండాలి కదా. అన్నా, మన జిల్లాల్లో రెండిళ్ళు నడిపిన నాయకులు ఎంతమంది, ఆ రెండో ఇంటి అడ్రస్ కార్యకర్తలందరికీ తెలుసు, పండక్కి రెండిళ్ళకీ మిఠాయి డబ్బాలు పోతాయి, అప్పుడు కుటుంబ వ్యవస్థ గుర్తుకి వచ్చి ఎవరికైనా బీ ఫారం ఆపినారా? కట్నం కేసున్నోడికి ఆపినారా? మీరు కమిటీలో ఉన్నారు, నాకంటే మీకే బాగా తెలుసు, నేను పేర్లు రాయను.

ఇది మన సంప్రదాయం కాదు అనే మాట కూడా వస్తుంది, మీరు రాయలేదు గానీ మీ కమిటీలో ఎవరో ఒకరు అనే ఉంటారు. 377 రాసింది మన ఋషులు కాదన్నా, 1860లో ఇంగ్లీషోడు రాసిపెట్టిన శిక్షాస్మృతి అది. వాడు తన దేశంలో అది ఎప్పుడో తీసేసుకున్నాడు, మనం 2018 దాకా మోసినాం. మోసింది మీ పార్టీ ఒకటే కూడా కాదు, 2015 డిసెంబర్లో శశి థరూర్ దాన్ని సవరించాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టబోతే, ప్రవేశపెట్టడానికే 24 మంది సరే అన్నారు, 71 మంది వద్దన్నారు. చర్చ కూడా వద్దంట!

ఐర్లండ్ అని చర్చి మాట చాలా గట్టిగా నడిచిన దేశం ఉంది. అక్కడ 1993 దాకా ఇది నేరమే. అక్కడ మీలాంటి మధ్యస్తం కుడి పక్క పార్టీలో లియో వరద్కర్ అని మంత్రి, వాళ్ళ నాయన మన మహారాష్ట్ర నుంచి పోయిన డాక్టరు, 2015 జనవరిలో రేడియోలో నేను గే అని చెప్పినాడు, 2017లో ఆ పార్టీయే ఆయన్ని నాయకుడిగా ఎన్నుకుంది, ప్రధాని అయ్యాడు. పార్టీ సిద్ధాంతం అక్కడే ఉంది, పన్నుల మీద, ఖర్చుల మీద ఎప్పటిలాగే కొట్లాడుకున్నారు.

మీరు "పార్టీలో పని చేసుకోనిచ్చాం" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట దగ్గర నాకు చాలాసేపు మనసు ఆగిపోయింది. కుర్చీలు వేయడానికి, జనాన్ని ఆటోల్లో ఎక్కించడానికి, పోలింగ్ రోజు తెల్లారుజామున స్లిప్పులు పంచడానికి అతని సంప్రదాయం సరిపోయింది కదా అన్నా. ఏడు రోడ్ల కాడ మీటింగ్ పెట్టినప్పుడు మైకు ఎవరు కట్టినారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ప్రశ్న: అక్కా నాది కర్నూలు, 23 ఏళ్ళు. ఒక నాయకుడి దగ్గర సోషల్ మీడియా పేజీలు చూస్తా, నెల జీతం. మాకు అవతల పార్టీ క్యాండిడేట్ "తేడా" అని మీమ్స్ చేసి వదలమంటున్నారు, వాళ్ళది సంస్కృతి పార్టీ కాబట్టి వాళ్ళ ఓట్లే చీలతాయంట. మాది ప్రోగ్రెసివ్ పార్టీ అని మా సారు స్పీచుల్లో చెప్తాడు. నాకు చేయబుద్ధి కావట్లేదు, ఉద్యోగం పోతుందని భయం.

జవాబు: పాపా, నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పై ఇద్దరి పార్టీని తిట్టడం నాకు సులువు, మీ సారు లాంటోళ్ళతోనే కష్టం.

చేయొద్దు. కారణం చెప్తా, మీ సారుకి కూడా చదివి వినిపించు. లండన్లో బెర్మాండ్సీ అని ఒక నియోజకవర్గం, 1983 ఫిబ్రవరిలో ఉప ఎన్నిక. పీటర్ టాచెల్ అని లేబర్ పార్టీ అభ్యర్థి. గే అని ఆయన మీద గోడల మీద రాతలు, ఊరూ పేరూ లేని కరపత్రాలు, ఒకదాని మీద ఆయన ఇంటి అడ్రసు కూడా వేసి పంచారు. పోటీలో ఉన్న లిబరల్ పార్టీ, పేరే లిబరల్ చూడు, తమ కరపత్రంలో ఇది "స్ట్రెయిట్" పోటీ అని రెండర్థాల మాట వాడింది, సూటి పోటీ అని ఒకటి, గే కానోడు అని ఇంకొకటి. లేబర్‌కి ఎప్పటి నుంచో కంచుకోట లాంటి ఆ సీటు పోయింది, లిబరల్ అభ్యర్థి సైమన్ హ్యూస్ గెలిచాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత, 2006లో, ఆ సైమన్ హ్యూసే తనకి మగవాళ్ళతో కూడా సంబంధాలు ఉండేవని ఒప్పుకున్నాడు, ఆ ప్రచారానికి క్షమాపణ చెప్పాడు.

అంటే జనం ఎప్పుడూ మంచిగానే ఓటేస్తారని నేను పై తమ్ముడికి ఆశ పెట్టినట్టు అయ్యింది గానీ, ఇదీ జరుగుతుంది, విషం పంచితే పని చేస్తుంది. అందుకే పంచొద్దు అంటున్నా.

ఎలక్షన్ కోడ్ మొదటి భాగంలోనే ఉంది, అవతలి పార్టీ వాళ్ళ ప్రజా జీవితంతో సంబంధం లేని సొంత విషయాలు ఎత్తకూడదని. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో అయితే, అభ్యర్థి వ్యక్తిగత ప్రవర్తన మీద అబద్ధమని తెలిసీ ప్రచారం చేయిస్తే ప్రజా ప్రాతినిధ్య చట్టం 123(4) కింద అవినీతి చర్య, గెలిచిన ఎన్నికే కొట్టుకుపోవచ్చు. నిజమే అయితే ఆ సెక్షన్ రాదు, కానీ మీ సారుకి అతను గే అని ఎట్లా తెలుసు, ఎవరి ఫోన్లోంచి వచ్చింది, అది కూడా అడుగు. పోస్టు మీద మీ సారు పేరుండదు, అడ్మిన్ నువ్వే, పోలీసులు వస్తే ముందు నీ లాప్‌టాప్ పట్టుకుపోతారు.

మాటలతో చెప్పలేకపోతే వాట్సాప్‌లో "సార్, ఈ పోస్టు కోడ్ ప్రకారం ఇబ్బంది అవుతుందేమో, వేయమంటే మీరు రాతపూర్వకంగా చెప్పండి" అని పెట్టు. రాతపూర్వకంగా అనేసరికి ఎంత పెద్ద నాయకుడికైనా వేరే పని గుర్తొస్తుంది. అప్పటికీ తీసేస్తే, కర్నూల్లో ఎలక్షన్ సీజన్లో నీ పని వచ్చినోళ్ళకి వారంలో ఇంకో చోట దొరుకుతుంది. నెల జీతం బాకీ ఉంటే మాత్రం ముందు అది వసూలు చేసుకుని ఆ మెసేజ్ పెట్టు.